అడ్డు ఎక్కడుందో ముందు చూడాలి: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తరగతిలో టెక్నాలజీ వాడే పద్ధతి

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసమని ట్యాబ్‌లు తెప్పించారు. రెండు నెలలు గడిచేసరికి అవి స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నాయి. ఏ పిల్లకు ఏ పనిలో అవి అక్కరకొస్తాయో మేమెవ్వరం ముందుగా కూర్చుని ఆలోచించలేదు. అదే ఏడాది నా ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే లేచి నిలబడి, ఆకు దగ్గర మొదలుపెట్టి ఆక్సిజన్ దాకా తడుముకోకుండా చెప్పేవాడు. నోట్సు తెరిస్తే తేదీ, పాఠం పేరు, రెండు సగం సగం వాక్యాలు. "ఎందుకు రాయవు బిడ్డా?" అని అడిగాను. "చెప్తే వస్తది టీచర్, రాస్తే పోతది" అన్నాడు.

ఆ మాట విన్నాక నా ఫోన్‌లో వాయిస్ టైపింగ్ తెరిచి తన ముందు పెట్టాను. తప్పులతోనే అయినా పదకొండు వాక్యాలు వచ్చాయి. తనకు కావలసింది ట్యాబ్ కాదు, నోటికీ కాగితానికీ మధ్య ఒక వంతెన. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ రోజు నేర్చుకున్నదాని మీదే నిలబడి ఉంది. పిల్ల ఎక్కడ ఆగిపోతోందో ముందు కనిపెట్టాలి, ఆ ఒక్క చోటికి సరిపోయే సాధనం తర్వాత వెతకాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ బడిలోనో, చిన్న ప్రైవేటు బడిలోనో నలభై మంది పిల్లలతో నెట్టుకొస్తున్న మామూలు టీచర్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: వారం రోజులు చూసి రాయండి

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. అందులో "డల్", "మొండి", "శ్రద్ధ లేదు" లాంటి మాటలు రాయొద్దు. కంటికి కనిపించింది మాత్రమే రాయండి. "బోర్డు మీది నాలుగు లైన్లు ఎక్కించుకోవడానికి పదిహేను నిమిషాలు పట్టింది. పక్క పిల్ల నోట్సు చూసి రాసింది." "ఫ్యాన్ ఆపినప్పుడు పిలిస్తే పలికాడు, తిరుగుతున్నప్పుడు పలకలేదు." "లెక్క చదివి వినిపిస్తే చేశాడు, తనే చదువుకుని చేయమంటే వదిలేశాడు." ఇలాంటివి ఐదారు పోగైతే అడ్డు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. చూడడంలోనా, వినడంలోనా, చదవడంలోనా, రాయడంలోనా, మాట్లాడడంలోనా, ఒకచోట కుదురుగా ఉండడంలోనా?

ఏ యాప్ గురించైనా ఆలోచించే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చదవలేకపోతోందని మేం ఆరు నెలలు మథనపడిన ఒక అమ్మాయికి చివరికి కావలసింది కళ్లజోడు. కళ్లకు మెహిదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. చెవులకు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. బుద్ధి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందుల అంచనాకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్‌కు పంపవచ్చు. 1984లో మొదలైన ఈ జాతీయ సంస్థ మన ఊళ్లోనే ఉందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. వినికిడి, మాటకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. ప్రభుత్వ బడి అయితే మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో హెచ్‌ఎంను అడగండి. అక్కడ ఈ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీ టీచర్ మీకు మంచి తోడు అవుతారు.

ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన 'ప్రశస్త్' యాప్‌లో మామూలు టీచర్ నింపాల్సిన భాగం, స్పెషల్ ఎడ్యుకేటర్ నింపాల్సిన భాగం విడివిడిగా ఉంటాయి. ఏ పిల్లను ముందుగా పరీక్షకు పంపాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. దాని ఫలితం డాక్టరు చీటీ కాదు కాబట్టి, దాన్ని పట్టుకుని తల్లిదండ్రులతో "మీ బాబుకు ఫలానా జబ్బు" అని మాత్రం అనకండి.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ వచ్చేదాకా ఏమీ చేయలేమని చాలా బళ్లలో అంటుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలోని ఇబ్బందులు కూడా ఉన్నాయి. 40 శాతం వైకల్యం అనే గీత పథకాలకు, కొన్ని ప్రత్యేక హక్కులకు సంబంధించింది. పిల్ల అవసరాన్ని బట్టి తరగతిలో సర్దుబాట్లు చేయాలని, నేర్చుకోవడంలో ఇబ్బందిని వీలైనంత తొందరగా గుర్తించాలని అదే చట్టం బడులకు విడిగా చెప్పింది. సర్టిఫికెట్ పని ఒకవైపు నడవనివ్వండి, తరగతిలో మీ పని ఈ సోమవారమే మొదలుపెట్టండి.

రెండో అడుగు: ఉన్నవాటిని లెక్క చూసుకోండి

మీ ఫోన్, కంప్యూటర్ ల్యాబ్‌లో మూలనపడ్డ కంప్యూటర్, హైస్కూల్ అయితే గోడకున్న ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర), హెచ్‌ఎం గదిలో వైఫై. ముప్పాతిక వంతు పని వీటితోనే అవుతుంది. ఎందుకంటే ఆండ్రాయిడ్, విండోస్ రెండింటిలోనూ సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' అనే విభాగం ఉంటుంది. అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు తిప్పేయడం, చదివి వినిపించడం, మీటలు ఆలస్యంగా స్పందించేలా చేయడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక ఆదివారం గంటసేపు కూర్చుని ఒక్కొక్కటీ ఆన్ చేసి చూడండి. పిల్లకు నేర్పేముందు మన చేతికి అలవాటు కావాలి.

ఏదైనా కొనాల్సి వస్తే వైరున్న ఇయర్‌ఫోన్లు కొనండి. బ్లూటూత్‌వి ఛార్జింగ్ అయిపోయి సరిగ్గా పాఠం మధ్యలో ఆగిపోతాయి. ఫోన్‌కు కీబోర్డు తగిలించడానికి ఓటీజీ కేబుల్ ఒకటి తీసుకోండి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్లి అడిగితే ఇలాంటివన్నీ ఒకేచోట దొరుకుతాయి. అంతకుమించి ఇప్పుడే ఏమీ కొనకండి.

మూడో అడుగు: పాఠాన్ని ఫోన్ చదవగలిగే తెలుగులోకి తెచ్చుకోండి

మనవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే, అందుకే దీని గురించి తీరిగ్గా చెబుతాను.

చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ (స్క్రీన్ రీడర్) ఏదైనా యూనికోడ్ తెలుగును, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తుపట్టే పద్ధతిలో ఉన్న తెలుగును మాత్రమే తెలుగుగా గుర్తిస్తుంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. తెరమీద మనకు 'అమ్మ' అని కనిపించినా కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. స్క్రీన్ రీడర్‌కు ఇస్తే అర్థంలేని మోత వినిపిస్తుంది. అది విని "తెలుగుకు ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదు" అని వదిలేసిన టీచర్లను నేను చాలామందిని చూశాను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, మనం ఇచ్చిన ఫైల్‌ది.

తెలుసుకోవడం సులువు. ఫైల్‌లోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే యూనికోడ్. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు. అసలు లైను సెలెక్టే కాకపోతే అది ఫొటో. మొదటిదైతే నేరుగా వాడుకోండి. మిగతా రెండింటికీ దారి ఒకటే, పేజీని బొమ్మగా తీసి అక్షరాలుగా మార్చడం.

ఎలాగో చెబుతాను. పుస్తకాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పరిచి, ఒక్కో పేజీకి ఒక్కో ఫొటో తీయండి. మీ చేతి నీడ పడకూడదు, పేజీ వంకరగా రాకూడదు. ద్విభాషా పుస్తకాల్లో ఇంగ్లిష్ పేజీని, తెలుగు పేజీని కలిపి తీయకండి. ఆ ఫొటోను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. కంప్యూటర్‌లో దానిమీద కుడి క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఫొటో కింద అక్షరాలు వచ్చేస్తాయి. ఫైల్ రెండు ఎంబీ లోపు ఉంటే మంచిది. అలాగని వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను వాడొద్దు, అది ఫొటోను నొక్కేసి అక్షరాలను మసక చేస్తుంది.

వచ్చిన తెలుగును నమ్మేయకండి. క్రారవడి మాయమవుతుంది. 'ప్రశ్న' కాస్తా 'పశ్న' అవుతుంది, 'క్రమం' కాస్తా 'కమం' అవుతుంది. ప, ఫ, ష తారుమారవుతాయి. బొమ్మ కింద రాసిన పేరు వచ్చి పేరా మధ్యలో కూర్చుంటుంది. భిన్నాలు, వర్గమూలాలు అసలు రావు. లెక్కల పాఠం మటుకు మీ గొంతుతోనే చదివి రికార్డు చేయండి, "మూడు బై నాలుగు" అని పలుకుతూ. ఇక బొమ్మలు. "పక్క పటంలో చూపినట్లు" అని పుస్తకంలో ఉంటే, ఆ పటంలో ఏముందో రెండు వాక్యాల్లో మీరే రాసి కలపాలి. చూపులేని పిల్లకు ఆ రెండు వాక్యాలే పటం.

ఒక పాఠం సరిదిద్దడానికి నాకు మొదట్లో రెండు గంటలు పట్టేది. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. నేను చేసిన ఏర్పాటు ఏంటంటే, తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ఏడో తరగతి పాఠాలను తలా రెండు పేజీలు దిద్దేవారు. వాళ్లకూ పాత పాఠం మళ్లీ చదివినట్టు అయ్యేది. దిద్దిన పాఠాలను తరగతి, సబ్జెక్టు పేర్లతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి, వచ్చే ఏడు ఎవరూ మళ్లీ మొదటినుంచి చేయక్కర్లేదు. మీరు చెప్పబోయే పాఠానికి ఎప్పుడూ ఒక పాఠం ముందుండేలా చూసుకోండి. పాఠం అయిపోయాక ఫైల్ ఇస్తే ఆ పిల్ల ఎప్పటికీ వెనకే ఉంటుంది.

ప్రశ్నపత్రాలు డీటీపీకి ఇచ్చేటప్పుడు "యూనికోడ్‌లో కొట్టండి" అని ఒక్క మాట చెప్పండి. సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

నాలుగో అడుగు: అడ్డుకు తగ్గ సాధనం

చదవడం దగ్గర ఆగే పిల్లలు. తెలుగు చదవలేని పిల్లకు ఇంగ్లిష్ పుస్తకాల్లో చెప్పిన డిస్లెక్సియా చిట్కాలు యథాతథంగా పనికిరావు. మన లిపిలో చిక్కులు వేరు. 'మ'కూ 'వు'కూ తేడా ఒక చిన్న మలుపు. ద, ధ, థ మధ్య తేడా ఒక చుక్క, ఒక గీత. ఇక ఒత్తు. పలికేది వరుసగా అయినా రాసేది కిందికి. 'స్త్రీ' అన్న మాటలో కన్ను ఎటు పోవాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. అందుకే అక్షరాల పరిమాణం పెంచడం కంటే ముందు లైన్ల మధ్య ఖాళీ పెంచండి. పై లైను ఒత్తులు కింది లైను గుడులను తాకుతుంటే ఆ పేజీ వాళ్లకు చిక్కుపడ్డ దారంలా కనిపిస్తుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి శుభ్రమైన ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. పద్దెనిమిది సైజు, ఒకటిన్నర లైన్ల ఎడం, కుడివైపు అంచు సమానం చేయకుండా వదిలేయడం. ఇంతే. కొత్త పాఠంలో ఒత్తులున్న కఠిన పదాలు ఐదింటిని ఎంచుకుని ఒత్తుకు మాత్రం వేరే రంగు వేయండి. పేజీ అంతా రంగులు పులిమితే మళ్లీ మొదటికే వస్తుంది.

వినిపించడానికి విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్ చాలు. ఫైల్ అందులో తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యు మూడూ కలిపి నొక్కితే చదవడం మొదలవుతుంది. నెట్ ఉంటే మోహన్, శ్రుతి అనే రెండు తెలుగు గొంతులు దొరుకుతాయి, రెండూ వినసొంపుగానే ఉంటాయి. వేగం బాగా తగ్గించండి. ఏ మాట పలుకుతుందో ఆ మాట మీద రంగు కదులుతుంది, పిల్ల చూపు దానితోపాటు కదలాలి. పక్కన కూర్చుని మొదటి వారం వేలితో చూపించండి. కళ్లు మూసుకుని వినేస్తే పాఠం తెలుస్తుంది గానీ చదవడం రాదు. వినడం సైన్సు, సోషల్ పాఠాలు తప్పిపోకుండా కాపాడుతుంది. చదవడం మాత్రం రోజూ పది నిమిషాలు గుణింతాలతో, చిన్న మాటలతో మనిషి పక్కన కూర్చుని నేర్పాల్సిందే. దాన్ని యంత్రానికి అప్పగించి చేతులు దులుపుకోవడం పిల్లకు అన్యాయం.

రాయడం దగ్గర ఆగే పిల్లలు. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో తెలుగు పెట్టి మైకు గుర్తు నొక్కితే మాట అక్షరమవుతుంది. గూగుల్ డాక్స్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. నేరుగా "చెప్పు" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. ముందు జవాబులో వచ్చే మూడు సంగతులు వేళ్ల మీద లెక్కపెట్టించండి. ఒక్కో వేలికి ఒక్కో వాక్యం. వాక్యం మనసులో పూర్తయ్యాకే మైకు నొక్కాలి. మన పిల్లలు "ఆకులల్ల పిండి తయారైతది" అంటారు. సాఫ్ట్‌వేర్ దాన్ని తనకు తోచినట్టు మారుస్తుంది. మొదటి నెల భాషను దిద్దకండి, రానివ్వండి. రెండో నెలనుంచి "పుస్తకంలో ఇదే మాట ఎలా రాశారు?" అని అడిగి తనచేతే మార్పించండి. ఇంటి మాట తప్పని పిల్లకు ఎప్పుడూ అనిపించకూడదు. ఇక చోటు. నలభై మంది గోలలో మైకు పనిచేయదు. వరండా చివర, మెట్ల కింద, లైబ్రరీ మూల, ఏదో ఒకటి చూసిపెట్టండి.

చూపు తక్కువున్న పిల్లలు, చూపులేని పిల్లలు. కొద్దిపాటి చూపున్న పిల్లకు ఫోన్ కెమెరానే భూతద్దం. బోర్డును ఫొటో తీసుకుని వేళ్లతో పెద్దది చేసుకోనివ్వండి. లేదా మీ బోర్డు పని అయ్యాక మీరే ఫొటో పంపండి. కొందరికి నల్ల తెరమీద పసుపు అక్షరాలు బాగా కనిపిస్తాయి, కొందరికి తెల్ల తెర కావాలి. మీరు నిర్ణయించకండి, పక్కపక్కన రెండూ చూపించి అడగండి. ప్యానెల్ మీద కిటికీ వెలుగు పడి మెరుస్తుంటే ఎంత పెద్ద అక్షరమైనా దండగే, ఒక పరదా కట్టించండి.

పూర్తిగా చూపులేని పిల్లలకు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టండి. పూర్తిగా ఉచితం. ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు, మైకేల్ కరన్, 2006లో దీన్ని మొదలుపెట్టాడు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేనివాళ్లకు కూడా కంప్యూటర్ అందాలన్నదే ఆయన పట్టుదల. దీనిలోని ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. వినడానికి యంత్రంలా ఉంటుంది, వారంలో చెవికి అలవాటవుతుంది. ఫోన్‌లో ఇదే పని చేసే టాక్‌బ్యాక్ ఉంది. దాని షార్ట్‌కట్ ఒకసారి సెట్ చేసుకుంటే రెండు వాల్యూమ్ మీటలు కలిపి మూడు సెకన్లు పట్టుకున్నప్పుడు ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. ఇది ముందే తెలియకపోతే ఆన్ చేశాక ఆపడం రాక టెన్షన్ పడతారు, ఎందుకంటే అప్పుడు ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. పుస్తకాలకు 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆడియో ఉంది కదా అని బ్రెయిలీ మానిపించకండి. వినికిడితో మాత్రమే పెరిగిన పిల్లకు 'శాస్త్రం'లో ఏ 'శ' ఉందో ఎప్పటికీ తెలియదు. కాగితం మీది బ్రెయిలీ చాలు. స్తోమత ఉన్నచోట ఆర్బిట్ రీడర్ 20 లాంటి, చుక్కలు లేచి పడే పరికరం వాడొచ్చు. వీలైతే ఒక శనివారం బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలకు ముందుగా అనుమతి తీసుకుని వెళ్లి చూడండి. 1991నుంచి నడుస్తున్న బడి. పిల్లలు కంప్యూటర్ మీద ఎంత వేగంగా పనిచేస్తారో ఒకసారి కళ్లారా చూస్తే మన అంచనాలు మారతాయి.

పాఠం చెప్పేటప్పుడు "దీన్ని ఇక్కడినుంచి తీసి అక్కడ పెడితే" అనే అలవాటు మనందరికీ ఉంది. దానికి ఏ యాప్ మందు లేదు. "ఏడును సమానం గుర్తుకు కుడివైపు తెస్తే" అని నోటితో చెప్పండి.

వినికిడి తక్కువున్న పిల్లలు. చెవి మిషన్ పెట్టుకున్నంత మాత్రాన మామూలుగా వినబడదు. మిషన్ మీ గొంతుతోపాటు ఫ్యాన్‌ను, బయట ఆటో హారన్‌ను, బెంచీల చప్పుడును కూడా పెంచుతుంది. కాబట్టి మొదటి టెక్నాలజీ దూరం తగ్గించడం. మీకూ ఆ పిల్లకూ మధ్య రెండు మీటర్లకు మించి ఉండకూడదు, మీ ముఖం మీద వెలుగు పడాలి, బోర్డువైపు తిరిగి మాట్లాడకూడదు. కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించండి. ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' ఆన్ చేసి భాష తెలుగు పెట్టి ఫోన్ పిల్ల బెంచీ మీద ఉంచండి. కాలర్‌కు పెట్టుకునే మైకు ఒకటి తగిలిస్తే మీరు చెప్పింది అక్షరాలై కదులుతుంది. శాస్త్ర పదాల దగ్గర తడబడుతుంది, ఆ పదాలను ముందే బోర్డు మీద రాసి ఉంచండి. అక్షరాలు చదవడం ఇంకా రాని చిన్న పిల్లలకు మాత్రం ఇది పనికిరాదు. వాళ్లకు సైగల భాష కావాలి. పీఎం ఈ-విద్య టీవీ ఛానళ్లలో 31వ ఛానల్ 2024 డిసెంబర్‌నుంచి భారతీయ సైగల భాష కోసమే నడుస్తోంది. అది మీరు కూడా చూడండి, పిల్లతో "బాగుందా, అర్థమైందా" అనే నాలుగు సైగలైనా నేర్చుకోండి.

మాట రాని పిల్లలు. ఇక్కడ తొందరపడి యాప్ కొనొద్దు. ముందు ఒక అట్టముక్క మీద ఆరు ఫొటోలు అంటించండి. నీళ్లు, బాత్‌రూమ్, ఇంకా కావాలి, వద్దు, నొప్పి, ఆపు. ఇంటర్నెట్ బొమ్మలు వద్దు, ఆ పిల్ల తాగే బాటిల్, మీ బడి బాత్‌రూమ్ తలుపు ఫొటోలే పెట్టండి. పిల్ల చూపించినప్పుడల్లా అది వెంటనే జరగాలి. ముఖ్యంగా 'వద్దు' చూపిస్తే నిజంగా ఆపాలి. లేకపోతే బొమ్మకు అర్థమే ఉండదు. ఇది కుదిరాక ఫోన్‌లోకి మారండి. ఐఐటీ బాంబేలో తయారైన 'జెల్లో' ఉచితం. చెన్నైలో రూపొందిన 'ఆవాజ్' మన దేశంలో ఈ పనికి బాగా పేరున్న యాప్. గొంతు రికార్డు చేసుకునే వీలున్నచోట అమ్మ గొంతే పెట్టండి. మన ఊళ్లో ఒకే బెంచీ మీద తెలుగు, దక్కనీ ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఉంటారు. ఇంట్లో "పానీ" అనే పిల్లకు బడిలో "నీళ్లు" అని మాత్రమే పలికే పెట్టె ఇస్తే అది సగం మాటే అవుతుంది.

"బొమ్మలకు అలవాటు పడితే ఇక మాట రాదేమో" అని తల్లులు భయపడతారు. అలా జరగదని, వచ్చే మాటకు ఇది ఊతమే అవుతుందని స్పీచ్ థెరపిస్టులు చెబుతారు. నా అనుభవమూ అదే. అల్లరి చేసిందని ఆ అట్టనో ఫోన్‌నో లాక్కోవడం మాత్రం ఎన్నడూ చేయకండి. అది ఆ పిల్ల నోరు.

కుదురుగా ఉండలేని పిల్లలకు, ఆటిజం ఉన్న పిల్లలకు తెర ఎంత తక్కువైతే అంత మంచిది. రోజు క్రమం బొమ్మల్లో, కనిపించే టైమర్ ఒకటి, ప్యానెల్ వాల్యూమ్ సగం, అకస్మాత్తుగా మోగే వీడియోలు లేకుండా చూసుకోవడం. పీరియడ్ మారబోతోందని రెండు నిమిషాల ముందు చెప్పడం అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

చేతులు స్వాధీనంలో లేని పిల్లలకు విండోస్‌లో స్టికీ కీస్ ఉంది. షిఫ్ట్ మీటను వరుసగా ఐదుసార్లు నొక్కితే అడుగుతుంది. రెండు మీటలు కలిపి నొక్కాల్సినవి ఒక్కొక్కటిగా నొక్కవచ్చు. చెయ్యి వణికి ఒకే అక్షరం పదిసార్లు పడుతుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి.

ఐదో అడుగు: మిగతా తరగతికి చెప్పండి

"వాడికి మాత్రం ఫోన్ ఇస్తరా టీచర్?" అనే ప్రశ్న మొదటి రోజే వస్తుంది. దాటవేయకండి. నేను ఒక పిల్ల కళ్లజోడు చూపించి, "ఇది తీసేసి చదవమంటే న్యాయమా?" అని అడిగాను. పిల్లలకు వెంటనే అర్థమైంది. సాధనం వాడే పిల్ల పేరు, జబ్బు పేరు తరగతి ముందు చెప్పకండి. వీలైన సాధనాన్ని అందరికీ తెరిచి ఉంచండి. బోర్డు ఫొటో అందరికీ పంపండి, పాఠం ఆడియో ఎవరైనా వినొచ్చని చెప్పండి. నా తరగతిలో ఆడియోలు ఎక్కువగా విన్నది డిస్లెక్సియా ఉన్న అబ్బాయి కాదు, ఇంటి పనులు చేసుకుంటూ వినే ఇద్దరు అమ్మాయిలు.

ఆరో అడుగు: ఇంటిని కలుపుకోండి

చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే ఉంటుంది. అది ఆటో నడిపే నాన్న దగ్గరో, ఇళ్లలో పనిచేసే అమ్మ దగ్గరో రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. రోజూ వీడియో పంపి "చూశారా?" అని అడగడం వాళ్లను ఇబ్బంది పెట్టడమే. మూడు నిమిషాల ఆడియో పంపండి, డేటా తక్కువ, వంట చేస్తూ వినొచ్చు. తల్లిదండ్రులు బడికి వచ్చినప్పుడు వాళ్ల ఫోన్‌లోనే అమరిక చేసి, వాళ్ల చేతే మూడుసార్లు చేయించి పంపండి. అమ్మతో మాట్లాడేటప్పుడు తప్పులతో మొదలుపెట్టకండి. "ఈ వారం మీ బాబు సొంతంగా ఐదు వాక్యాలు చెప్పి రాయించాడమ్మా" అని మొదలుపెడితే ఆ తర్వాత మీరు చెప్పేది ఆమె చెవికెక్కుతుంది.

పిల్ల ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్లు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అటుంచినా, ఆ పిల్ల పెద్దయ్యాక ఆ వీడియో చూసుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఏడో అడుగు: రెండు వారాలకోసారి లెక్క చూడండి

మొదట్లో రాసిన పుస్తకం మళ్లీ తీయండి. బోర్డు ఎక్కించడానికి పదిహేను నిమిషాలు పట్టేది, ఇప్పుడెంత? సొంతంగా ఎన్ని వాక్యాలు వస్తున్నాయి? ఎన్నిసార్లు పక్కవాళ్ల సాయం అడిగింది? రెండు సార్లు చూసినా మార్పు లేకపోతే సాధనం మార్చండి, పిల్లను నిందించకండి. ఒక్కోసారి సాధనం సరైనదే అయినా ఇయర్‌ఫోన్ చెవికి గుచ్చుకుంటుందని వాడరు. అడిగితే చెబుతారు.

పదో తరగతి పరీక్షల సంగతి తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి. స్క్రైబ్ (పిల్ల చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, భాషల్లో మినహాయింపు లాంటివాటికి కాగితాలు పోగుచేయడానికి నెలలు పడుతుంది. కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం అన్న లెక్క ఉంది. మన బోర్డు ఏ వైకల్యానికి ఏమిస్తుందో ఆ ఏటి ఉత్తర్వు చూసి హెచ్‌ఎం ద్వారా దరఖాస్తు చేయండి. స్క్రైబ్‌తో రాయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. తెలియని మనిషికి వాక్యం చెప్పడం, "అది కొట్టేసి ఇలా రాయండి" అని అడగడం పిల్లలకు బెరుకు. బడిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్‌ఏ పరీక్షలనుంచే అలవాటు చేయండి.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు ఒక్క పేజీ రాసి వచ్చే ఏడు టీచర్‌కు ఇవ్వండి. ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, అమ్మానాన్నల్లో ఎవరికి ఏ టైమ్‌లో ఫోన్ చేయాలి. ఆ పేజీలో కింది సగం పిల్లకు వదిలేయండి. తను చెప్పింది చెప్పినట్టు రాయండి, దిద్దకండి. మొన్న ఒక అమ్మాయి నాచేత రాయించిన మాటలు ఇవి: "ఎర్ర చాక్‌పీస్‌తో రాస్తే నాకు కనబడదు. ముందు బెంచీల కూసోబెట్టండి గానీ నా దోస్తును కూడా పక్కన కూసోబెట్టండి."